వేస్ట్ సీసా పేలితే రిపోర్టులో 'నిర్లక్ష్యం' అని రాసేయమంటున్నారు, ఏం చేయాలి?

సాగర్‌నగర్_కెమ్:
విశాఖలో యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్. సాయంత్రం 5కి మిగిలిన నైట్రిక్ యాసిడ్‌ని వేస్ట్ సీసాలో పోసి మూత బిగించారు. రాత్రి 8 దాటాక అది కప్‌బోర్డులోనే పేలింది. అందులో అప్పటికే అసిటోన్ అనే సాల్వెంట్ (ద్రావకం) ఉందట. ఔట్‌సోర్సింగ్ అటెండర్ చేతికి గాజు కోసుకుంది, స్కాలర్‌కి దగ్గు. 'స్కాలర్ నిర్లక్ష్యం' అని ఒక పేజీ రాసి ఫైలు మూసేయమంటున్నారు. పద్ధతిగా చేయాలంటే ఎలా అండి?

గాజువాక_సేఫ్టీ:
ముందు ఆ దగ్గు సంగతి చూడండి, కాగితాలు తర్వాత. నైట్రిక్, సాల్వెంట్ కలిస్తే వచ్చే గోధుమరంగు పొగలో నైట్రోజన్ డయాక్సైడ్ ఉంటుంది. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గిపోతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మాత్రం గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడుతుంది. బాగానే ఉన్నానన్నా కేజీహెచ్‌కో మరో పెద్దాసుపత్రికో పంపండి. ఏ గ్యాస్, ఎంతసేపు పీల్చారో చీటీ రాసివ్వండి. 'యాసిడ్ వాసన' అంటే డాక్టరుకి ఏమీ అందదు.

తర్వాత గది. పొగ పూర్తిగా పోయేదాకా ఎవర్నీ రానివ్వకండి. అదే షెల్ఫులో ఉన్న మిగతా సీసాల మూతలు విప్పొద్దు. ఊడ్చేముందే ఫొటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. లేబుల్ ఉన్న ముక్క, మూత, వేస్ట్ రిజిస్టర్ పేజీ, ఈ మూడూ పోతే మిగిలేది ఊహాగానమే. ఉన్నవాళ్లని అదే రోజు విడివిడిగా అడగండి. అందర్నీ హెచ్‌ఓడీ గదిలో కూర్చోబెడితే ఒకే కథ వస్తుంది.

ద్వారకానగర్_ల్యాబ్:
'నిర్లక్ష్యం' అని రాస్తే దర్యాప్తు మొదలవకుండానే అయిపోయినట్టు. సీసా మీద 'వేస్ట్' అని తప్ప ఇంకేమైనా రాసుందా? యాసిడ్‌కీ సాల్వెంట్‌కీ ఒకే రకం రెండున్నర లీటర్ల బ్రౌన్ సీసాలేనా? గ్యాస్ వదిలే మూతలు ఎప్పుడైనా కొన్నారా? వేస్ట్ ఎన్నాళ్లకోసారి పట్టుకెళ్తున్నారు? ఖాళీ సీసా లేకపోతే ఉన్నదాంట్లోనే పోస్తారు, ఎవరైనా అంతే.

2020 మే 7న మన విశాఖ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు ట్యాంకు అడుగునే ఉష్ణోగ్రత కొలిచేవారని, పైభాగం వేడెక్కింది తెలియలేదని విచారణలో తేలింది. రాత్రి డ్యూటీ మనిషిని తిడితే ఆ కొలత పైకి వచ్చేదా?

చర్యల్లో 'అవగాహన సదస్సు' ఒక్కటే ఉంటే ఆ రిపోర్టు వెనక్కి పంపాల్సిందే. నైట్రిక్ వేస్ట్‌కి వేరే సీసా, వేరే ట్రే, ముప్పాతికకు మించి నింపకపోవడం, గ్యాస్ వదిలే మూత. ప్రతిదానికీ బాధ్యుడి పేరు, తేదీ.

స్టీల్‌టౌన్_హెచ్‌ఆర్:
అటెండర్‌ని మర్చిపోతున్నారు. ఈఎస్‌ఐ ఉంటే ప్రమాద నివేదిక అతని ఏజెన్సీ నుంచి వెళ్లాలి. మీరు ఇచ్చే తేదీ, సమయం, చేస్తున్న పని అందులో ఉండేలా చూడండి. రేపు వేలు సరిగ్గా ఆడకపోతే అది ఉద్యోగంలో తగిలిన దెబ్బేనని నిరూపించేది ఆ కాగితమే.

సాగర్‌నగర్_కెమ్:
స్కాలర్ పేరు రిపోర్టులో వేయాలా?

గాజువాక_సేఫ్టీ:
'స్కాలర్-1' చాలు. వైద్యం కాగితాలు వేరే ఫైల్లో పెట్టండి. పేరు వేసి నోటీసు బోర్డుకి అంటిస్తే, ఇకమీద మూత ఉబ్బిన సీసా కనబడ్డా ఎవరూ నోరు విప్పరు.