ఫారంలో సగం లేబుల్స్ తెలుగు, సగం ఇంగ్లీషు. ఎందుకిలా?

కీబోర్డ్‌కాకి: పొద్దుట్నుంచీ ఇదే పని. దరఖాస్తు ఫారం తెలుగులోకి మార్చా. పేరు, ఊరు బాగానే వస్తున్నాయి. తండ్రి పేరు, పిన్‌కోడ్ మాత్రం ఇంగ్లీషులోనే మొండికేశాయి. అనువాదాలు ఫైల్లో ఉన్నాయి, కళ్ళారా చూశా. ఎర్రర్ కూడా రావట్లేదు. తొందరగా చెప్పండి ఎవరైనా.

పాతసర్వర్: ఏ ఫ్రేమ్‌వర్క్?

కీబోర్డ్‌కాకి: జాంగోనే, పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టేది. అందరూ వాడేదే కదా.

పాతసర్వర్: ఫజీ.

కీబోర్డ్‌కాకి: అంటే??

గుణింతం: అది సరేగానీ, లైన్ హైట్, అదే వరస ఎత్తు, ఎంత పెట్టారు? ఇంగ్లీషుని చూసి 1.2 పెడితే ఒత్తులు కింద తెగుతాయి. తెలుగుకి 1.6 అయినా ఉండాలి. ఇన్‌పుట్ బాక్సు ఎత్తు పిక్సెల్స్‌లో బిగించకండి. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

రెండోషిఫ్ట్: ఆ ఫజీ అన్న ఒక్క ముక్కా నేను విడమరుస్తా. ఇంగ్లీషు లేబుల్‌ని కొంచెం మార్చి మేక్‌మెసేజెస్ (కోడ్‌లోని వాక్యాలు ఏరి అనువాదాల ఫైల్లో చేర్చే కమాండ్) నడిపితే, దగ్గరగా ఉన్న పాత వాక్యం అనువాదాన్ని తెచ్చి అంటిస్తుంది, పైన ఫజీ అని, అంటే సరిచూడాలని, గుర్తు పెడుతుంది. ఆ ఫైల్ని సైటు చదివే రూపంలోకి మార్చే కంపైల్‌మెసేజెస్ అలాంటివాటిని వదిలేస్తుంది. అందుకే అనువాదాలుండే పీఓ ఫైల్లో కనిపిస్తుంది, పేజీలో కనిపించదు. ఫైల్లో ఫజీ అని వెతకండి. అనువాదం సరిచూసి ఆ మాట తీసేయండి, కంపైల్ చేయండి, సైటుని నడిపే గునికార్న్‌ని రీస్టార్ట్ చేయండి. ఫజీలనీ కలిపేసే యూజ్-ఫజీ ఆప్షన్ జోలికి మాత్రం పోవద్దు. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఉత్త "పేరు" వచ్చి కూర్చుంటుంది.

బ్రాకెట్‌బాబు: మిస్సింగ్ ట్రాన్స్‌లేషన్ అంటే ముందు గెట్‌టెక్స్ట్_లేజీ (పేజీ చూపించేప్పుడు అనువదించే ఫంక్షన్) చూడాలి. ఫారం క్లాసులో ఉత్త గెట్‌టెక్స్ట్ రాస్తే ఫైలు లోడైనప్పుడే భాష ఖాయమైపోతుంది. తర్వాత యూజర్ ఏ భాష ఎంచుకున్నా లేబుల్ మారదు.

పాతసర్వర్: దాన్ని మిస్సింగ్ అనరు. అనువాదం ఉంది, పిలిచే వేళ తప్పు.

బ్రాకెట్‌బాబు: యూజర్‌కి రెండూ ఒకటే సార్.

పాతసర్వర్: సరిచేసేవాడికి కాదు.

కీబోర్డ్‌కాకి: పిన్‌కోడ్ ఫజీనే, వచ్చేసింది. తండ్రి పేరుకి లేజీ లేదు, పెట్టా. మరి ఖాళీగా వదిలేస్తే వచ్చే "ఈ ఫీల్డ్ తప్పనిసరి" మెసేజ్? దాన్ని పీఓలో చేత్తో రాస్తే తర్వాతి మేక్‌మెసేజెస్‌కి ఎగిరిపోతోంది.

రెండోషిఫ్ట్: ఎగిరిపోలేదు, అడుగున కామెంటై ఉంటుంది. ఆ వాక్యం మీ కోడ్‌లో లేదుగా, జాంగోలో ఉంది. ఫీల్డ్‌లో ఎర్రర్_మెసేజెస్ కింద రిక్వైర్డ్‌కి మీ వాక్యాన్నే లేజీలో ఇవ్వండి. ఎఫ్-స్ట్రింగ్ (మధ్యలో వేరియబుల్స్ ఇరికించే పైథాన్ వాక్యం) వద్దు, మేక్‌మెసేజెస్ దాన్ని పట్టుకోలేదు.

కీబోర్డ్‌కాకి: ఓకే, థాంక్స్ అండి.

గుణింతం: లైన్ హైట్ మార్చారా?