‘యతి విశ్రమ’ దగ్గర ఎలా విరవాలి?

మైలాపూరు నుంచి ఒక ప్రశ్న. త్యాగరాజస్వామి శ్రీరంజని కృతి ‘సొగసుగా మృదంగ తాళము’ను మా వాద్యబృందం కోసం కూరుస్తున్నాం. వయొలిన్లు, చెల్లో, వేణువు, మృదంగం. గాత్రం లేదు. వాయించేవాళ్లలో సగంమందికి తెలుగు రాదు, చరణంలో కమాను (తీగల మీద లాగే విల్లు) ఎక్కడ మార్చాలని అడుగుతున్నారు.

‘యతి విశ్రమ సద్భక్తి విరతి ద్రాక్షారస నవరసయుత కృతిచే భజియించు యుక్తి త్యాగరాజుని తరమా’

ఇందులో యతి మన పద్యాల్లోని యతేనా? విశ్రమం కూడా అదేనా, వేరా?

— వేరనే అనుకుంటానమ్మా. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామమే. తెలుగులో ఆగనక్కర్లేదు, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరితే చాలు. మాట మధ్యలోనైనా పడుతుంది. కాబట్టి యతి అక్షరమైత్రి, విశ్రమం విరుపు అనుకుంటే చెప్పిందే చెప్పినట్టు కాదు. ఇక కమాను సంగతి. ‘యతి’ మొదలు ‘యుత కృతి’ దాకా ఒకటే సమాసం, ఇవన్నీ ఉన్న కృతి అని. ‘సద్భక్తి’ దగ్గర దించేశారో, అర్థం తెగుతుంది.

అన్నట్టు, పల్లవి ‘సొగసుగా’, అనుపల్లవి ‘నిగమ’: రెండో అక్షరం గకారం. చరణంలో ‘యతి’, ‘యుత’, ‘యుక్తి’. కృతికి ఏమేం కావాలో చెబుతూ అవన్నీ చేసి చూపించి, చివర్న ‘నా తరమా’ అంటాడు. గడుసువాడు!

— తాళానికి చెప్పే పది అంగాల్లో, అదే తాళ దశప్రాణాల్లోనూ యతి ఉందండీ, లయ నడిచే ఆకృతి అని. సమ, గోపుచ్ఛ (ఆవు తోకలా పోనుపోను సన్నబడేది), స్రోతోవహ, మృదంగ... పల్లవిలో మృదంగాన్ని పిలిచాక ఆ అర్థాన్ని వదిలేస్తే ఎలా?

— వదలొద్దు. కానీ ద్రాక్షాపాకం (ద్రాక్షపండులా సులువుగా రుచి తెలిసే కవితాశైలి), నవరసాలు పక్కనే ఉన్నాయి. అనుపల్లవిలోనూ ముందు ‘నిజవాక్కులతో’, తర్వాతే ‘స్వరశుద్ధముతో’. నా మొగ్గు సాహిత్యం వైపే.

— గాత్రమే లేనప్పుడు ఈ తర్జనభర్జన ఎందుకు? ముత్తుస్వామి దీక్షితులవారు మన మద్రాసు కోటలోని ఇంగ్లీషువాళ్ల బ్యాండు వరసలకు సంస్కృతం కట్టలేదా? ‘సంతతం పాహిమాం’ ఇంగ్లండు జాతీయగీతం వరసేగా.

— అక్కడ వరస ముందు, మాట తర్వాత. ఈ కృతిలో రెండూ కలిసే పుట్టాయి. మాట తీసేసినా దాని విరుపు స్వరంలో ఉంటుంది.

— సరే మాస్టారూ. ‘నవరసయుత కృతిచే’ దాకా తెగకుండా రాశాను. ఒక్క కమానులో రాదని వయొలిన్లవాళ్లు మొత్తుకుంటే, అందరూ ఒకేసారి కాకుండా వంతులవారీగా మార్చుకోమన్నాను. మృదంగం ఆయన మాత్రం గోపుచ్ఛ యతిలోనే ముక్తాయి (ముగింపు జతులు) వేస్తానని కూర్చున్నారు.