నలుగురున్న ఇంటికి ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ నిజంగా కలిసొస్తుందా, విడివిడి రీఛార్జులే నయమా?

తెనాలి_వాసి
మా ఇంట్లో నాలుగు నంబర్లు. అమ్మానాన్న తెనాలిలో ఉంటారు, నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం, చెల్లి విజయవాడ హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. అందరివీ ప్రీపెయిడ్, డబ్బు కట్టేది నేను. ఒక్కోటి ఒక్కో తేదీన అయిపోతుంది కాబట్టి నెలంతా ఏదో ఒక రీఛార్జ్ గుర్తుపెట్టుకోవాలి. ఆఫీసులో ఒకాయన జియో ఫ్యామిలీ ప్లాన్ తీసుకో, ఒకటే బిల్లు, డేటా అందరూ పంచుకోవచ్చు, చవక అంటున్నారు. ఇంకొకాయనేమో పోస్ట్‌పెయిడ్ అంటేనే దండగ అంటారు. వాడుతున్నవాళ్లు లెక్కతో చెప్పండి, ఊరికే బాగుంది, బాగోలేదు అని కాదు.

చిట్టా_పద్దు
లెక్క ఇదిగో. 2024 జూలైలో రేట్లు పెంచాక ఈ ప్లాన్ ₹449, దాని మీద ఒక్కో అదనపు సిమ్‌కి ₹150, అలా మూడు దాకా తీసుకోవచ్చు. నలుగురికి ₹899. (2023 మార్చిలో మొదలైనప్పుడు ₹399, ఒక్కో యాడ్-ఆన్ ₹99, నలుగురికీ కలిపి ₹696కే వచ్చేది. ఆ రేటు చూసి చేరినవాళ్లలో నేనూ ఉన్నాను.) ఇప్పుడు ప్రీపెయిడ్ చూడండి. రోజుకి 2 జీబీ, 28 రోజుల ప్యాక్ ₹349. 28 రోజులంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించాలి. ఒక్కరికి ₹4,537, నలుగురికి ₹18,148. ఫ్యామిలీ ప్లాన్ 899 చొప్పున 12 నెలలకి ₹10,788. ఏడు వేలకు పైగా మిగులుతుంటే ఇంకా ఆలోచన ఎందుకు?

కృష్ణా_కాలువ
చిట్టా_పద్దు గారూ, మీ లెక్కలో జీఎస్టీ ఎక్కడుంది? ప్రీపెయిడ్ ధరలో 18 శాతం కలిసే ఉంటుంది, పోస్ట్‌పెయిడ్‌లో బిల్లు మీద విడిగా పడుతుంది. మీ ₹899 చేతికొచ్చేసరికి ₹1,061 అవుతుంది, ఏడాదికి ₹12,730. అక్కడే దాదాపు రెండు వేలు పోయాయి.

ఇక 28 రోజుల ప్యాక్‌తో పోల్చడం అసలు సరికాదు. అది అన్నిటికంటే ఖరీదైన పద్ధతి, దాని పక్కన ఏది పెట్టినా చవగ్గానే కనిపిస్తుంది. ఆ 2 జీబీ ప్యాకే 84 రోజులకి ₹859. నలుగురికి ఏడాదికి సుమారు ₹14,930 పడుతుంది, అంటే ఫ్యామిలీ ప్లాన్‌తో మిగిలేది ఏడు వేలు కాదు, ₹2,200. రోజుకి 1.5 జీబీ చాలనుకుంటే 84 రోజులకి ₹799, అప్పుడు తేడా ₹1,160కి దిగుతుంది. నెలకి వంద రూపాయలు కూడా లేదు.

అసలు అందరికీ డేటా ప్యాక్ ఎందుకు? కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాకులు కూడా ఇవ్వాల్సిందేనని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. 2025 జనవరి నుంచి అవి వచ్చాయి, 84 రోజులకి జియోలో ₹448, ఎయిర్‌టెల్‌లో ₹469. తెనాలి ఇంట్లో వైఫై ఉంటే అమ్మానాన్నలకి ఇవి వేసి, మీకూ చెల్లికీ ₹799 ప్యాక్ వేయండి. ఏడాదికి ₹10,840 లోపే అయిపోతుంది. ఫ్యామిలీ ప్లాన్ కంటే దాదాపు ₹1,900 తక్కువ. డేటా పంచుకోవడం అనేది వినడానికి బాగుంటుంది కానీ, పంచుకోవడానికి మీ నలుగురూ ఒకే రకంగా వాడటం లేదు కదా.

రేపల్లె_రైలు
"వైఫై ఉంటే" అని తేలిగ్గా అనేశారు. ఆ వైఫై బిల్లు ఎవరు కడతారు? ₹399 ఫైబర్ ప్లాన్ జీఎస్టీతో ₹471, ఏడాదికి ₹5,650. ఇంట్లో టీవీ కోసమో పిల్లల చదువు కోసమో ఇప్పటికే ఉంటే సరే, అది ఈ లెక్కలోకి రాదు. లేనివాళ్లు మీ మాట విని వాయిస్ ప్యాక్‌కి మారితే రెండు విధాలా నష్టపోతారు.

పైగా పెద్దవాళ్లకి డేటా అక్కర్లేదన్న మాట ఇప్పుడు చెల్లదు. మా నాన్న గుమ్మం దాటితే చాలు, పాల డబ్బులు, మందుల షాపు, ఆటో, అన్నీ స్కాన్ చేసే కడతారు. ఆయన వాడేది నెలకి ఒకటి రెండు జీబీలే, కానీ ఆ కాస్తా లేకపోతే షాపు ముందు నిలబడి నాకు ఫోన్ చేయాలి, నేను ఇక్కడి నుంచి పంపాలి. తక్కువ వాడటం వేరు, అసలు అక్కర్లేకపోవడం వేరు. షేరింగ్ ప్లాన్ సరిగ్గా ఇలాంటి వాళ్లకే పనికొస్తుంది. రోజుకి 2 జీబీ ప్యాకులో అర్ధరాత్రి కాగానే మిగిలినదంతా పోతుంది, ఆయనకి రోజూ పోతూనే ఉంటుంది. అందరిదీ ఒకచోట ఉంటే ఆయన వాడనిది ఇంకొకరు వాడుకుంటారు.

చిట్టా_పద్దు
జీఎస్టీ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ కాలువ గారూ, మీరు సగటు లెక్క వేస్తున్నారు, ఈ ప్లాన్‌కి సగటు పనికిరాదు. ఇందులో మొదటి సిమ్ ఖరీదు, జీఎస్టీతో నెలకి ₹530. తర్వాతి ఒక్కొక్కటి ₹177 మాత్రమే. ₹859 ప్యాక్ 30 రోజులకి ₹307 పడుతుంది. అంటే మొదటి సిమ్ మీద ₹223 పోగొట్టుకుంటాం, చేర్చిన ప్రతి సిమ్ మీదా ₹130 వెనక్కి వస్తుంది. కాబట్టి ఇద్దరే ఉంటే తీసుకోవద్దు, నష్టం. ముగ్గురుంటే కాస్త మిగులుతుంది, ఏడాదికి ఆరు వందల లోపు. నలుగురైతేనే చెప్పుకోదగ్గ లాభం.

ఇంకోటి చూడండి. మీరు చెప్పిన ₹448 వాయిస్ ప్యాక్ నెలకి ₹160 అవుతుంది. యాడ్-ఆన్ సిమ్ ₹177. పదిహేడు రూపాయలు ఎక్కువ పెడితే అమ్మగారికి డేటా వస్తుంది, వ్యాలిడిటీ గొడవ ఉండదు. మొదటి సిమ్ తీసుకున్నాక అమ్మని బయట ఉంచి వాయిస్ ప్యాక్ వేయించడంలో అర్థం లేదు.

హాస్టల్_నైట్
డేటా ఎంతో ఎవరూ చెప్పట్లేదేంటి? మెయిన్ సిమ్‌కి 75, ఒక్కో యాడ్-ఆన్‌కి 5, నలుగురికీ కలిపి నెలకి 90 జీబీ. విడిగా రోజుకి 2 జీబీ ప్యాకులైతే నలుగురికి 240 జీబీ. సగం కూడా కాదు. హాస్టల్లో వైఫై రాత్రిపూట ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఎవరైనా మొబైల్ హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌లో క్లాసులు చూస్తారు. చెల్లి ఒక్కతే అందులో సగం తాగేస్తుంది. అప్పుడు వాళ్ల నాన్నకి స్కాన్ చేయడానికి మిగలదు, ఇంట్లో గొడవలు. మా ఇంట్లో నెలాఖరు వచ్చిందంటే "ఎవరు అంత వాడారు" అనే పంచాయితీయే.

రేపల్లె_రైలు
మిగలదు అనడం తప్పు తమ్ముడూ. కోటా దాటాక నెట్ ఆగదు, జీబీకి ₹10 పడుతుంది. ఇంకో 20 జీబీ వాడినా ₹200, పైన పన్ను. అయితే ఆ 200 ప్రతి నెలా పడితే చిట్టా_పద్దు గారు చెప్పిన లాభం మొత్తం పోయి ఎదురు కట్టాల్సి వస్తుందన్నది నిజం. 5జీ ఫోను, 5జీ సిగ్నల్ రెండూ ఉంటే అన్‌లిమిటెడ్ కాబట్టి ఈ బాధ లేదు. విజయవాడలో చెల్లికి సిగ్నల్ ఉంటుంది, ఆ అమ్మాయి ఫోను 4జీనా 5జీనా అన్నది ముందు కనుక్కోవాలి. మొత్తం లెక్క దాని మీదే తిరుగుతుంది.

నర్సంపేట_సెల్‌పాయింట్
నాది రీఛార్జ్ షాపు. మీరంతా 84 రోజులు, ఏడాది అని లెక్కలు వేస్తున్నారు, మా దగ్గరకి వచ్చేవాళ్లలో ఒకేసారి ₹859 తీసి ఇచ్చేవాళ్లు తక్కువ. కూలి డబ్బు వారానికోసారి వస్తుంది. ఇంట్లో మూడు ఫోన్లుంటే ఒక్కరోజే రెండున్నర వేలు ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే 28 రోజులదే వేయించుకుంటారు, ఎక్కువ పడుతుందని వాళ్లకి తెలియక కాదు. కాలువ గారు దాన్ని పోల్చకూడదన్నారు కానీ ఈ దేశంలో చాలామంది వాడేది అదే.

ఇలాంటి ఇళ్లకి నెలనెలా కట్టే ఫ్యామిలీ ప్లాన్ కాగితం మీద బాగా కలిసొస్తుంది. కానీ నేను వాళ్లకి చెప్పను. ప్రీపెయిడ్‌లో డబ్బు లేకపోతే ఒక ఫోను వారం ఆగుతుంది, ఇంట్లో ఇంకో ఫోను నడుస్తుంది. ఇందులో ఒక్క బిల్లు కట్టకపోతే నాలుగూ ఒకేసారి ఆగిపోతాయి. పని చెప్పే మేస్త్రీ ఫోను కూడా రాదు.

డాలస్_తెలుగు
ఇక్కడ అమెరికాలో సంగతి వేరుగా ఉంటుంది. డేటా పంచుకునే ప్లాన్లు ఇక్కడ 2012లో వెరైజన్ అనే ఫోన్ కంపెనీ పెద్దగా మొదలుపెట్టింది. అప్పట్లో ఒక్కో స్మార్ట్‌ఫోన్‌కి 40 డాలర్లు, దాని మీద 4 జీబీ డేటాకి 70 డాలర్లు, దాటితే జీబీకి 15 డాలర్లు. ఇద్దరున్న ఇంటికి 150 డాలర్లు, పన్నులు విడిగా. ఇప్పుడు అన్‌లిమిటెడ్ వచ్చాక పంచుకునేది డేటా కాదు, లైన్ల ధర. లైన్లు పెరిగేకొద్దీ ఒక్కోదానికి తగ్గుతుంది, అందుకే కొత్తగా వచ్చిన మన స్టూడెంట్స్ రూమ్మేట్స్‌తో, సీనియర్లతో కలిసి ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో చేరుతుంటారు. డబ్బు బాగా మిగులుతుంది. తలనొప్పంతా అకౌంట్ ఎవరి పేరున ఉందో వాళ్లది. ఒకడు వేరే రాష్ట్రానికి ఉద్యోగానికి వెళ్లి డబ్బు పంపడం మానేస్తే, ఇంకొకడు లైన్ మీద వాయిదాల్లో ఫోన్ తీసుకుంటే, ఆ బాకీ అకౌంట్ ఉన్నవాడి మెడకే. కాబట్టి ఇండియా అయినా ఇక్కడైనా ముందు అడగాల్సింది ఎంత మిగులుతుంది అని కాదు, బిల్లు ఎవరి పేరు మీద అని.

మానుకోట_కోడలు
డాలస్ గారు చివర్లో అన్నది ఇక్కడ ఎవరూ పట్టించుకోవట్లేదు, నేను పట్టించుకోమంటాను. పెళ్లయిన కొత్తలో మా మామయ్యగారి ఫ్యామిలీ ప్లాన్‌లో నాకూ ఒక కొత్త సిమ్ తీసుకున్నారు, ఆయన ఆధార్ మీదే. అందరూ బాగుందన్నారు, నేనూ అనుకున్నాను. ఆ నంబరే బ్యాంకుకి ఇచ్చాను, పీఎఫ్‌కి ఇచ్చాను, గ్యాస్‌కి, పాప స్కూలుకి అదే. ఉద్యోగం మారి వేరే కంపెనీ నెట్‌వర్క్‌కి పోదామంటే నంబర్ నా పేరున లేదు. ఆయన ఆధార్ పట్టుకుని షాపుకి రావాలి, సంతకం పెట్టాలి, ఆయనకి ఒంట్లో బాగోదు. నెలల తరబడి తిరిగాం. ఏడాదికి రెండు వేలు మిగలడం కోసం నా ఓటీపీలన్నీ ఇంకొకరి పేరున ఉన్న సిమ్‌కి వచ్చేలా చేసుకోవడం నాకు ఏ లెక్కలోనూ లాభంగా కనిపించదు. ముఖ్యంగా ఆడపిల్లలకి చెప్తున్నాను. తెనాలి గారూ, చెల్లి రేపు ఉద్యోగానికి ఏ ఊరు వెళ్తుందో, ఎవరి ఇంట్లో ఉంటుందో ఇప్పుడు తెలియదు కదా.

చిట్టా_పద్దు
అమ్మా, మీరు పడ్డ ఇబ్బంది నిజమే, కానీ అది ప్లాన్ వల్ల కాదు, సిమ్ మామయ్యగారి ఆధార్ మీద తీసుకోవడం వల్ల. చెల్లికి ఇప్పటికే ఉన్న నంబర్‌ని ఆమె పేరునే ఉంచి ప్లాన్‌లో చేర్చవచ్చు. కొత్త సిమ్ తీసుకోకుండా ఉంటే చాలు.

మానుకోట_కోడలు
పేరు నాదే అయినా బిల్లు కట్టేది వేరొకరైతే ఆపే అధికారం కూడా వాళ్లదే. అన్నాచెల్లెళ్ల మధ్య ఆ మాట రాకపోవచ్చు, అన్ని ఇళ్లూ అలా ఉండవు. ఇక్కడ చదివేవాళ్లు అందరూ తెనాలి గారి ఇల్లు కాదు కాబట్టి చెప్తున్నాను. పదో తరగతి పిల్లాడిని, పెద్దవాళ్లని చేర్చండి, సంపాదించుకునే మనిషి ఫోన్ మాత్రం ఆ మనిషి చేతిలోనే ఉండనివ్వండి.

తెనాలి_వాసి
అందరికీ థాంక్స్. కోడలు గారూ, మీ మాట చెల్లికి చూపించాను. తనది 5జీ ఫోనే, నంబర్ కూడా తన ఆధార్ మీదే ఉంది. డిగ్రీ అయ్యేదాకా ప్లాన్‌లో ఉంటాను, ఉద్యోగం రాగానే బయటికొచ్చేస్తాను అంది. మా తెనాలి ఇంట్లో వైఫై లేదు కాబట్టి వాయిస్ ప్యాక్ ఆలోచన వదిలేశాను. నాకు డబ్బు కంటే ఎక్కువగా పట్టేది ఒకటుంది. పోయినసారి అమ్మ ఫోన్ వ్యాలిడిటీ అయిపోయి ఇన్‌కమింగ్ ఆగిపోతే, నాన్న కూడా పొలంలో ఉంటే, సాయంత్రం దాకా ఎవరూ ఎత్తక నేనూ చెల్లీ పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. దానికి ₹177 ఎక్కువేం కాదు. నలుగురివీ మార్చాలనుకుంటున్నాను. ఇవాళే మార్చేయొచ్చా?

కృష్ణా_కాలువ
ఇవాళే వద్దు. ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కి మారితే ఇప్పుడున్న ప్యాకులో మిగిలిన రోజులు పోతాయి. ఒక్కొక్కరి ప్యాక్ అయ్యే తేదీ రాసుకుని, ముందు మీది మార్చి మెయిన్ నంబర్ చేసుకోండి, మిగతావాళ్లని వాళ్ల ప్యాకులు అయ్యేకొద్దీ చేర్చండి. ఈలోపు ఎవరికీ 84 రోజులది వేయించకండి. నచ్చకపోతే వెనక్కి రావడానికి ఇదివరకు 90 రోజులు ఆగాల్సి వచ్చేది, 2025 జూన్‌లో టెలికాం శాఖ దాన్ని 30 రోజులకి తగ్గించింది. కాబట్టి మొదటి బిల్లు వచ్చాక చెల్లి ఎంత డేటా వాడిందో చూడండి. 5జీ పోను 4జీ మీద ఎంత పోయిందో అందులో తెలుస్తుంది. ప్రతి నెలా కోటా దాటుతుంటే మాత్రం నా మాట విని తనని మళ్లీ ₹859కే పంపించండి.