అప్‌డేట్: రోటెనోన్ వేసినా కణాలు చావకపోవడానికి కారణం దొరికింది

పార్కిన్సన్స్ వ్యాధి నమూనా కోసం ఎస్‌హెచ్‌-ఎస్‌వై5వై అనే నాడీకణాల తరహా కణాలకు రోటెనోన్ అనే పురుగుమందు ఇచ్చినా, ఎన్ని కణాలు బతికున్నాయో చూపే ఎంటీటీ పరీక్షలో తేడా కనిపించడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

కణాలు పెరిగే ద్రవంలో (మీడియంలో) 25 మిల్లీమోలార్ గ్లూకోజ్ ఉన్నప్పుడు ఈ కణాలు, మైటోకాండ్రియా అవసరం లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టి శక్తి పొందే గ్లైకాలిసిస్‌తోనే బతికేస్తాయని, దాని బదులు 10 మిల్లీమోలార్ గాలక్టోజ్ వాడి చూడమని ఒకరు చెప్పిన మాటే నిజమైంది. రోటెనోన్ మైటోకాండ్రియాలో శక్తి తయారీకి కావలసిన కాంప్లెక్స్-1 అనే ప్రోటీన్ సముదాయాన్ని అడ్డుకున్నా, గ్లూకోజ్ పుష్కలంగా ఉంటే కణానికి కావలసిన ఏటీపీ (శక్తినిచ్చే అణువు) వేరే దారిలో వచ్చేస్తుంది. గాలక్టోజ్ నుంచి ఆ దారిలో చాలినంత రాదు కాబట్టి కణం మైటోకాండ్రియా మీదే ఆధారపడక తప్పదు. ఆధారం మొదటినుంచీ కళ్లెదుటే ఉంది: గ్లూకోజ్ ప్లేటులో రోటెనోన్ వేసిన గుంటల్లో మీడియం, గ్లైకాలిసిస్‌తో వచ్చే లాక్టిక్ ఆమ్లం పెరగడం వల్ల, పక్క గుంటలకంటే ముందే పసుపు రంగుకు తిరిగేది. గాలక్టోజ్‌లో రంగు అంతగా మారలేదు, కణాలు మాత్రం గుండ్రంగా ముడుచుకొని అడుగునుంచి ఊడిపోయాయి.

రోటెనోన్ స్టాకు ద్రావణం పాడైందన్న అనుమానం నిలవలేదు, ఎందుకంటే అదే సీసాలోని మందు గాలక్టోజ్‌లో పనిచేసింది. పెంచే కణాలకు సోకే మైకోప్లాస్మా బ్యాక్టీరియా పరీక్ష నెగెటివ్ వచ్చింది. రోటెనోన్‌ను కరిగించే డీఎంఎస్‌ఓ మాత్రమే ఇచ్చిన గుంటలు బాగానే ఉన్నాయి.

మందుల విషప్రభావం కోసం హెప్‌జీ2 కాలేయ కణాలు వాడేవారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది. మీడియంలో కలిపే సాధారణ సీరంలోనూ గ్లూకోజ్ ఉంటుంది కనుక డయలైజ్ చేసి చిన్న అణువులు తీసేసినది వాడడం మేలు. గాలక్టోజ్‌లో పెరుగుదల నెమ్మది కాబట్టి కణాలను కొంచెం ఎక్కువగానే వేయండి.