సైకిలు సంచి చువ్వలకు రాసుకోకుండా ఏం చేయాలి?

ప్రశ్న: వారానికి రెండుసార్లు సైకిలు మీద రైతు బజారుకు వెళ్తాను. వెనక క్యారియర్‌కు రెండు వైపులా వేలాడే గుడ్డ సంచుల జత ఉంది. ఖాళీగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. మూడు కిలోల ఉల్లిపాయలు, ఒక సొరకాయ పడేసరికి అడుగు లోపలికి వంగి చువ్వలకు రాసుకుంటోంది. మొన్న ఆదివారం ఎడమ సంచికి చిల్లు పడి దారి పొడవునా పచ్చిమిరపకాయలు రాలాయి. తొక్కేటప్పుడు మడమ కూడా సంచికి తగులుతోంది. కొత్తది కొనకుండా ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చండీ. నాకూ ఇదే బాధ ఉండేది. సంచికి వీపు లేకపోవడమే అసలు లోపం. దుకాణాల బోర్డులకు వాడే, లోపల సన్నటి గొట్టాలుండే ప్లాస్టిక్ షీటు పాత ముక్క సంపాదించండి. చక్రం వైపు గోడకూ అడుగుకూ కలిపి ఒకే ముక్కగా కత్తిరించండి. గొట్టాలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే బరువుకు షీటు మడత పడిపోతుంది. వంచాల్సిన చోట బయటి పొరను మాత్రమే బ్లేడుతో కోయండి, చక్కగా వంగుతుంది. మూలలు గుండ్రంగా తీయడం మరవకండి, లేకపోతే గుడ్డను అవే కోసేస్తాయి. తర్వాత చెప్పులు కుట్టేవారి దగ్గరికి తీసుకెళ్తే షీటును సంచికి నాలుగు చోట్ల గట్టి దారంతో కుట్టి, చిల్లు మీద రెక్సిన్ ముక్క వేసి ఇస్తారు.

ఇంతటితో ఆపకండి. గతుకుల్లో సంచి ఎగిరిపడకుండా అడుగు భాగాన్ని కట్టాలి. పాత సైకిలు ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీగా కోసి, ఒక కొసను సంచి అడుగున కుట్టించండి. రెండో కొసకు చిన్న ఇనుప కొక్కెం పెట్టి, ఇరుసు దగ్గర క్యారియర్ కాలికి తగిలించండి. పట్టీ కాస్త పొట్టిగా ఉండి లాగి పెడితేనే పట్టు ఉంటుంది.

మడమ సంగతి: జతను నాలుగు వేళ్లు వెనక్కి జరిపి చూడండి. మరీ వెనక్కి వెళ్తే ముందు చక్రం తేలిపోతుంది.

ఇంకొకరి జవాబు: చీర చిక్కుకోకుండా లేడీస్ సైకిలు చక్రానికి బిగించే జాలీ ఉంటుంది కదా, అది రెండు వైపులా వేయించండి. షీటు ఎప్పుడైనా ఊడినా గుడ్డ చువ్వల్లోకి పోదు. నడుస్తున్న చక్రంలో సంచి చిక్కుకుంటే మనిషి పడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి దీన్ని వాయిదా వేయకండి.

ప్రశ్న అడిగినవారు: శనివారమే షీటు, పట్టీ పెట్టించాను. రెండు వైపులా ఐదేసి కిలోల బియ్యం వేసి తొక్కితే ఎక్కడా రాసుకోలేదు, చాలా సంతోషం. జాలీ ఈ వారమే వేయిస్తాను. వానకు ఏం కప్పాలి? టమాటాలు నలగకుండా ఎలా?

మొదటి జవాబు రాసినవారు: పాత ఫ్లెక్సీ ముక్క చాలు. సంచి నోటికంటే జానెడు పెద్దదిగా కోసి, వెనక అంచు కుట్టించి, ముందు అంచుకు ట్యూబు ఉంగరం పెట్టండి. కప్పాక వెనక ఎర్ర రిఫ్లెక్టరు మరుగున పడుతోందేమో తప్పక చూసుకోండి. టమాటాలకు మూతలేని స్టీలు డబ్బా ఒకటి సంచిలోనే ఉంచేయండి. బంగాళాదుంపలు అడుగున, డబ్బా వాటి మీద, కొత్తిమీర అన్నిటికంటే పైన.