ఆస్ట్రేలియాలో 'మేట్' అని ఎవరిని పిలవచ్చు?

మెల్‌బోర్న్‌లో ఒక గోడౌన్‌లో కొత్తగా పనిలో చేరాను. ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పగలరా?

క్లాస్‌మేట్, రూమ్‌మేట్ మనకి అలవాటే. కానీ ఇక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఒకరినొకరు 'మేట్' అనుకుంటారు. బస్సు దిగుతూ డ్రైవర్‌కి 'థాంక్స్ మేట్', ఎదుటివాళ్ల పేరు గుర్తురాకపోయినా 'మేట్'. మనం తెలియనివాళ్లని అన్నా, బాబాయ్ అన్నట్టే అనుకుందామంటే, అక్కడ వయసు చూసి పిలుస్తాం. ఇక్కడ ఆ లెక్కే లేదు. పాతికేళ్ల కుర్రాడు మేనేజర్‌నీ అలాగే పిలుస్తాడు.

నాకు టెన్షన్ అంతా గొంతు గురించే. 'నో వర్రీస్, మేట్' అంటే ఆప్యాయంగా ఉంటుంది. 'లిజన్, మేట్' అని నొక్కి మొదలుపెడితే మాత్రం గొడవకి ముందు హెచ్చరికలా వినిపిస్తుంది. 2005లో కాన్‌బెర్రా పార్లమెంటు భవనంలో సెక్యూరిటీ సిబ్బంది ఈ మాట వాడకూడదని ఆదేశమిచ్చి, విమర్శలు రావడంతో ఒక్క రోజులోనే వెనక్కి తీసుకున్నారు. అంటే ఇక్కడివాళ్లలోనే ఏకాభిప్రాయం లేదన్నమాట.

ఆడవాళ్లని, ముఖ్యంగా పెద్దవాళ్లని అలా పిలిస్తే ఏమైనా అనుకుంటారా? ఇంటర్వ్యూలో, డాక్టర్ దగ్గర, పోలీసులు బండి ఆపినప్పుడు వాడొచ్చా? మన యాసలో అంటే నటిస్తున్నట్టు ఉంటుందా? పుస్తకాల్లో అర్థాలు చూశాను, అవి సరిపోవట్లేదు. మీరు స్వయంగా విన్న సందర్భాలు రాయండి, అవే నాకు ఎక్కువ ఉపయోగం.

త్వరలో మా నాన్నగారు వస్తున్నారు. షాపులో ఎవరో కుర్రాడు ఆయన్ని 'మేట్' అంటే అది అమర్యాద కాదని ఎలా చెప్పాలో కూడా చెప్పండి.