లోగో దగ్గర ఆగిన ఫోను: ఫోటోలు పోకుండా సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఎలా?

ప్రశ్న (గాజువాక రిపేరు దుకాణం):
రెండేళ్లుగా విశాఖపట్నం గాజువాకలో చిన్న మొబైల్ దుకాణం నడుపుతున్నాను. డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ పిన్ను మార్చడంలో చెయ్యి తిరిగింది గానీ సాఫ్ట్‌వేర్ పనికి కొత్తవాణ్ణి. కిందటి నెలలో మీడియాటెక్ చిప్పు ఉన్న ఒక ఫోనుకు ఎస్‌పీ ఫ్లాష్ టూల్‌లో (ఆ చిప్పు ఫోన్లకు సాఫ్ట్‌వేర్ ఎక్కించే కంప్యూటరు ప్రోగ్రాము) ‘ఫార్మాట్ ఆల్ ప్లస్ డౌన్‌లోడ్’ ఎంచుకుని ఫర్మ్‌వేర్ (ఫోనును నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్) ఎక్కించాను. ఫోను ఆన్ అయింది; సిమ్ము వేస్తే మాత్రం సిగ్నల్ లేదు, ఐఎంఈఐ (ఫోను గుర్తింపు నంబరు) చూద్దామంటే ఆ చోటు ఖాళీగా ఉంది. చివరకు కంపెనీ సర్వీస్ సెంటరుకు పంపి, ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఇప్పుడు లోగో దాటి వెళ్లని ఫోను మరొకటి వచ్చింది. స్టీల్ ప్లాంటులో రిటైరై అప్పూఘర్ దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన తెచ్చారు. ఫోను పోయినా ఫర్వాలేదు, మనవరాలి అన్నప్రాశన ఫోటోలు దక్కితే చాలునంటున్నారు. దీనికి ఏ టూల్ కొనాలి? క్రాక్ చేసినవి ఊరికే దొరుకుతున్నాయి, వాడవచ్చా? బిల్లు లేకుండా గూగుల్ లాక్ (రీసెట్ చేశాక పాత గూగుల్ ఖాతా అడిగే లాక్) తీయమని వచ్చేవారికి మీరేం చెబుతున్నారు?

జవాబు 1 (డాబాగార్డెన్స్, పాత టెక్నీషియన్):
ఏ టూల్ అన్నది తర్వాత చూద్దాం, ఆ టూల్ మెమరీలో ఏయే విభాగాల మీద రాస్తుందో ముందు తెలియాలి. ఐఎంఈఐ, రేడియో కాలిబ్రేషన్ (సిగ్నల్ సర్దుబాటు) వివరాలు ఎన్‌వీర్యామ్ వంటి విభాగాలలో ఉంటాయి. అవి ఆ ఒక్క ఫోనుకే చెందినవి కనుక కంపెనీ విడుదల చేసే ఫర్మ్‌వేర్‌లో ఉండవు. ‘ఫార్మాట్ ఆల్’ వాటిని కూడా తుడిచేస్తుంది, తిరిగి పెట్టడానికి మన దగ్గర ఏమీ మిగలదు. ‘డౌన్‌లోడ్ ఓన్లీ’ అయితే స్కాటర్ ఫైలు (మెమరీ విభాగాల పట్టిక) జాబితాలో టిక్కు ఉన్న విభాగాలనే తిరగరాస్తుంది. పెద్దాయన ఫోనుకు అదే వాడండి, యూజర్‌డేటా (ఫోటోలు ఉండే విభాగం) ఎదుట టిక్కు తీసేయండి, ఫోనులో ఉన్న బిల్డు నంబరుకు (సాఫ్ట్‌వేర్ వెర్షను నంబరు) సరిపోయే ఫర్మ్‌వేర్‌నే తెచ్చుకోండి. టూల్ ఆ ఫోనును చదవనిస్తే, రాయడానికి ముందు రీడ్‌బ్యాక్‌తో ఎన్‌వీర్యామ్ కాపీ తీసుకోండి. కొత్త మోడళ్లలో కొన్ని కంపెనీ అనుమతి లేనిదే అసలు కనెక్టు కావు.

ఫోటోల గురించి ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆండ్రాయిడ్ 10తో, ఆ తర్వాతి వెర్షన్లతో విడుదలైన ఫోన్లలో ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి (రహస్య సంకేతాలుగా మారి) ఉంటాయి. వాటిని విప్పే తాళంచెవి ఆ బోర్డుతోనూ యజమాని పెట్టుకున్న పిన్నుతోనూ ముడిపడి ఉంటుంది కాబట్టి, మెమరీ చిప్పు ఊడదీసి చదివినా అర్థంలేని అంకెలే వస్తాయి. ఆ బోర్డు మీదే ఫోను ఆన్ అయితేనే ఫోటోలు.

అన్నట్టు, ఫోను లోగో మీద కదలకుండా నిలిచిపోతోందా, లోగో చూపించి ఆరిపోయి మళ్లీ మొదలవుతోందా? మన ఊరి ఉప్పుగాలికి లోపల ఏం పట్టిందో చూడకుండా కంప్యూటరుకు తగిలించకండి.

జవాబు 2 (మద్దిలపాలెం):
క్రాక్ టూల్స్ జోలికి వెళ్లవద్దు. నేనొకటి వేసుకుంటే, యాంటీవైరస్ ఆపమని అడిగింది, ఆపాను. వారం తిరిగేసరికి బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులన్నీ ఎవరి చేతికో వెళ్లాయి. ఉచితంగా దొరికేవాటితోనే చాలా పని జరుగుతుంది: శాంసంగ్‌కు ఓడిన్, షావోమీకి మీఫ్లాష్, పిక్సెల్ ఫోన్లకు బ్రౌజరులోనే నడిచే ఆండ్రాయిడ్ ఫ్లాష్ టూల్. ఓడిన్‌లో హోమ్ సీఎస్‌సీ ఫైలు (సీఎస్‌సీ అంటే ప్రాంతం, నెట్‌వర్కు సెట్టింగులు) పెడితే డేటా ఉంటుంది, మామూలు సీఎస్‌సీ పెడితే పోతుంది. మీఫ్లాష్ తెరవగానే కింద ‘క్లీన్ ఆల్ అండ్ లాక్’ (అంతా తుడిచి లాక్ చేసేది) ఎంచుకుని ఉంటుంది. దాన్ని మార్చకుండా నొక్కారంటే కస్టమరుకు జవాబు చెప్పుకోవలసిందే. డబ్బు పెట్టి కొనే టూల్ సంగతి, మీ దుకాణానికి ఏ చిప్పు ఫోన్లు ఎక్కువగా వస్తాయో ఓ మూడు నెలలు పుస్తకంలో రాసుకున్నాక ఆలోచించండి.

జవాబు 3 (ద్వారకానగర్):
గూగుల్ లాక్ 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చినది, దొంగిలించిన ఫోను రీసెట్ చేసినా పనికిరాకుండా చేయడానికి. బిల్లు లేదంటే నేను ఖాతా పాస్‌వర్డు తిరిగి తెచ్చుకునే దారి చూపించి పంపేస్తాను. అనుమానం ఉంటే ఇంగ్లీషులో కేవైఎం (KYM) అని రాసి, ఖాళీ వదిలి 15 అంకెల ఐఎంఈఐ చేర్చి 14422కు మెసేజ్ పెట్టండి. ఆ నంబరు బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. ఐఎంఈఐ రాసే పని మాత్రం ఎవరు ఎంతిస్తామన్నా ఒప్పుకోవద్దు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం దాన్ని మార్చినవారికి మూడేళ్ల వరకు జైలు గానీ, 50 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
డాబాగార్డెన్స్ మిత్రులు అడిగినది నిజమే, ఫోను నిలిచిపోవడం లేదు, లోగో చూపించి ఆరిపోయి మళ్లీ మొదలవుతోంది. వెనక మూత తీసి చూస్తే పవర్ బటన్ కింద ఫ్లెక్స్ (బటన్‌ను బోర్డుకు కలిపే పల్చటి పట్టీ) మీద పచ్చటి చిలుము కట్టి, బటన్ నిరంతరం నొక్కి ఉన్నట్టే పనిచేస్తోంది. ఆ ఫ్లెక్స్ ఊడదీసి, ట్వీజర్‌తో బోర్డు మీది పవర్ బటన్ పాయింట్లు ఒక్క క్షణం కలిపితే ఫోను నేరుగా లాక్ స్క్రీన్ దాకా వచ్చింది. ఏ ఫర్మ్‌వేరూ ఎక్కించలేదు. పెద్దాయన వచ్చి పిన్ను కొట్టాక ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కొత్త ఫ్లెక్స్ ఆర్డరు పెట్టాను.